సోలెడు తవుడు

వెల ఇవ్వకుండా కొన్న బిడ్డ దేవుడి దృష్టిలో ఎవరి బిడ్డ?

ఏడేళ్లుగా ఈ సందేహం నన్ను వదలలేదు. పొద్దున్నే దీపం వెలిగిస్తూ వత్తి సరిచేస్తుంటే గుర్తుకొస్తుంది. శనివారం ఒంటిపూట భోజనానికి విస్తరి ముందు కూర్చుంటే గుర్తుకొస్తుంది. ఒకసారి ధైర్యం చేసి రామకోవెల పూజారి గారిని అడిగాను. "ఏం కొన్నావు సన్యాసిరావూ, వెల ఇవ్వకుండా?" అన్నారాయన. బిడ్డ అని చెప్పడానికి నోరు రాలేదు. "ఊరికే అడిగానండీ" అని తీర్థం పుచ్చుకుని వచ్చేశాను.

మాది విజయనగరం దగ్గర, జనపనార మిల్లు వెనక లైన్ల ఇళ్లు. నేనూ మా ఆవిడ నరసమ్మా ఒక వాటాలో ఉంటాం. మాకు పిల్లలు లేరు. పక్క వాటాలో అసిరమ్మ, ఆమె భర్త సూరి. సూరి మిల్లులో పని చేస్తాడు. అసిరమ్మ నరసమ్మను అప్పా అంటుంది, నన్ను బావా అంటుంది.

అసిరమ్మకు మొదటి ఇద్దరు పిల్లలూ పోయారు. ఇద్దరూ ఏడాది నిండకుండానే, ఇద్దరూ మంచుకాలంలోనే. నెమ్ము చేసి, డొక్కలెగరేసి, తల్లి ఒళ్లోనే పోయారు. మూడోసారి మగబిడ్డ పుట్టినప్పుడు, మా వైపు అలాంటి ఇళ్లలో ఏం చేస్తారో అదే చేశారు. పదకొండో రోజున బిడ్డను చేటలో పడుకోబెట్టి వీధి చివర పెంటకుప్ప మీద ఉంచారు. "పెంట మీద గుంటడు పడున్నాడు, ఎవుడికి కావాలో అట్టుకెళ్లండి!" అని సూరి తల్లి కేకేసింది. మా నరసమ్మ వెళ్లి చేట ఎత్తుకుంది.

అలా ఎత్తుకున్నవాళ్లు బిడ్డకు వెలగా సోలెడు తవుడు కన్నతల్లి కొంగులో పోయాలి. దాంతో బేరం తెగుతుంది. బిడ్డ ఇక ఆ తల్లి బిడ్డ కాడు. ఇద్దరిని పట్టుకుపోయిన మృత్యువు మూడోవాడి కోసం వచ్చి చూస్తే, ఆ ఇంట్లో ఉన్నది తవుడుకు అమ్ముడైన పెంటమీది గుంటడు. వాడితో తనకేం పని? వచ్చిన దారినే పోతుంది. కొన్నవాళ్లు బిడ్డను పెంచమని కన్నతల్లి చేతికే తిరిగి ఇస్తారు. పేరు తవుడు అని పెడతారు. మా జిల్లాల్లో ఏ వీధిలో నిలబడి పిలిచినా ఒక తవుడో తవిటమ్మో పలుకుతారు.

ఆ రోజు మా ఇంట్లో తవుడు లేదు. మిల్లు బియ్యం తినే ఇంట్లో తవుడెక్కడిది? "రేపు తెచ్చి పోస్తానమ్మా" అన్నాను. "బావ గుంటణ్ని అరువు మీద కొన్నాడర్రా!" అని సూరి నవ్వాడు. అందరూ నవ్వారు. అసిరమ్మ మాత్రం పట్టిన కొంగు అలాగే పట్టుకుని కాసేపు నిలబడి, తర్వాత దులుపుకుని లోపలికి వెళ్లింది.

ఆ రేపు ఏడేళ్లయినా రాలేదు. నిజం చెప్పాలంటే తవుడు దొరక్క కాదు. నేను పని చేసేది ప్రయోగశాలలో. తవుడు పోసి బిడ్డను కొన్నానని అక్కడివాళ్లకు తెలిస్తే నవ్విపోతారని సిగ్గు. అప్పన్న స్వామిని నమ్ముకున్నవాడికి ఈ మాయలెందుకని పైగా ఒక గర్వం. సిగ్గుకూ గర్వానికీ మధ్య ఇచ్చిన మాట ఎండిపోయింది.

*

ప్రయోగశాలలో నాది వంటగది. నవ్వులాటకు కాదు, దాని పేరే అది. క్రిములకు అక్కడ వండిపెడతాం. సముద్రపు నాచు నుంచి తీసిన పొడిని నీళ్లలో ఉడికించి, వేడి తగ్గాక గొర్రె నెత్తురు కలిపి, గాజు పళ్లేల్లో పలచగా పోయాలి. వేడి ఎక్కువుంటే నెత్తురు మాడి గోధుమరంగుకు తిరుగుతుంది. తక్కువుంటే ఉండలు కడుతుంది. థర్మామీటరు ఉంది గాని, నేను సీసాను చెంపకు ఆనించి చూసుకుంటాను. పిల్లలకు నెమ్ము తెచ్చే క్రిమికి ఈ నెత్తుటి పళ్లెం అంటే ప్రాణం. పెరిగిన చోటల్లా చుట్టూ పచ్చటి మచ్చ వేస్తుంది. నేను మాంసం ముట్టను. అయినా పాతికేళ్లుగా నెత్తురుతో వంట చేస్తున్నాను. సాయంత్రం రెండో స్నానం చేసి గాని దేవుడి గదిలో అడుగు పెట్టను.

డాక్టర్ హైమ గారు మా శాస్త్రవేత్త. పళ్లేల కోసం వచ్చినప్పుడు వంటగదిలో స్టూలు మీద కూర్చుని కాసేపు మాట్లాడేవారు.

"ఈ క్రిమి పగటివేషగాడండీ, సన్యాసిరావు గారూ. ఒంటి మీద చక్కెరతో నేసిన కోటు ఉంటుంది. వందకు దగ్గరగా రకాలున్నాయి. ఇప్పుడున్న టీకాలు కోటును చూసి పట్టుకుంటాయి. మంచి టీకాలే, ఎంతమంది పిల్లల్ని బతికించాయో. కాని టీకాకు తెలియని కోటు తొడుక్కుని వస్తే?"

"గొంతు పట్టి చూడాలమ్మా" అన్నాను. "మా చిన్నప్పుడు పగటివేషాలవాళ్లు ఏ వేషంలో వచ్చినా, మా అమ్మ గొంతు విని ఫలానా వాడని చెప్పేసేది."

ఆవిడ స్టూలు మీంచి లేచారు. "అదే! కోటు కింద ఉండే ప్రోటీన్లే దాని గొంతు. అవి తొందరగా మారవు. కాని రెండు వేల పైచిలుకున్నాయి. అందులో ఏది పట్టుకుంటే క్రిమి చస్తుందో తెలియాలి."

తెలుసుకోవడానికి ఆవిడ ఒక పలక తయారుచేశారు. అరచేయంత గాజుపలక. క్రిమిలోని ప్రోటీన్లన్నీ దాని మీద ఒక్కొక్క చుక్కగా అంటించి ఉంటాయి. మనిషి రక్తం ఒక బొట్టు వేస్తే, ఆ ఒంటికి తెలిసిన చుక్కలు తెల్లగా వెలుగుతాయి. అంతవరకు మరికొన్ని చోట్ల కూడా చేశారట. ఈ పలక ఇంకో మాట కూడా చెబుతుంది. ఆ గుర్తుతో క్రిమిని నిజంగా చంపగలిగితే, చుక్క నిప్పుకణంలా ఎర్రగా రగులుతుంది. దొంగను చూసినవాడి సాక్ష్యం వేరు, దొంగను కట్టేసినవాడి సాక్ష్యం వేరు. దానికి మేమంతా సాక్షిపలక అని పేరు పెట్టుకున్నాం.

రక్తాల కోసం మా లైన్లకే వచ్చారు. మిల్లు బడి వరండాలో బల్ల వేశారు. అప్పటికి తవుడుకు ఏడో నెల. ఆ చలికాలం వీధిలో చంటిపిల్లలందరికీ జబ్బు చేసింది. వీడి ముక్కులోనూ క్రిమి దొరికింది గాని, వీడికి పడిశం కూడా పట్టలేదు. బిడ్డకు అది తల్లి నుంచి వచ్చిన రక్షణా, తనంతట తాను నేర్చుకున్నదా తేలాలంటే తల్లి రక్తం కూడా పరీక్షించాలి.

"ఈ బాబు తల్లి ఎవరు?" అని కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి అడిగింది.

అసిరమ్మ కొంగు కింద బిడ్డకు పాలిస్తోంది. అలా ఇస్తూనే, "నాకేటి తెలుసు తల్లీ! ఈడు పెంట మీద దొరికినాడు. అల్లదిగో, నరసమ్మప్ప గుంటడు" అంది.

ఆ అమ్మాయి తల ఎత్తలేదు. తల్లి పేరు, వయసు టైపు చేసుకుంది. నరసమ్మ నవ్వుతూ వచ్చి తన వేలు చాపింది. పలకల పెట్టె పట్టుకుని నేను పక్కనే ఉన్నాను. నేనూ నవ్వాను. బిడ్డ నాది అని అసిరమ్మ పరాయివాళ్ల ముందు ఎన్నడూ అనదు. కాగితం కోసం ఆ కట్టు ఎందుకు తప్పించడం అనుకున్నాను. నా జీవితంలో అంత ఖరీదైన నవ్వు మరొకటి లేదు.

పేర్లు బయటపడకూడదని అక్కడ నియమం. తవుడు పేరు తీసేసి రెండువందల పన్నెండు అని అంకె వేశారు. ఏ అంకె ఎవరిదో వంటగదికి చెప్పరు.

నెల తర్వాత హైమ గారు పరుగున వచ్చారు. "పదహారువందల పద్నాలుగో చుక్క! ఎర్రగా రగిలిందండీ! ఒక్క బిడ్డకే. తల్లి రక్తంలో దాని జాడే లేదు. అంటే బిడ్డ స్వయంగా నేర్చుకున్నాడు. ఒక్కడు నేర్చుకోగలిగితే అందరికీ నేర్పవచ్చు."

ఆ రోజు ప్రయోగశాలలో అందరికీ మిఠాయి పంచారు. నేనూ తిన్నాను.

*

టీకా తయారుకావడానికి అయిదేళ్లు పట్టింది. జంతువులకు వేసి, పెద్దవాళ్లకు వేసి, ప్రమాదమేమీ లేదని తేలాక, నిరుడు మా లైన్లలో చంటిపిల్లలకు వేయడం మొదలుపెట్టారు. సర్కారు టీకాలు మామూలుగానే వేశారు, వాటితోపాటు ఇదీ వేశారు. వేశాక పిల్లల రక్తం పలక మీద చూస్తే, పదహారువందల పద్నాలుగో చుక్క వెలిగింది. కాని తెల్లగానే. ఒక్క బిడ్డకు కూడా ఎర్రబడలేదు. ఆగుదాం అని హైమ గారు రాసి పెట్టారు. "వెలిగిందా లేదా?" అని అడిగారట డైరెక్టర్ గారు. వెలిగింది అంటే, "ఇంకేం మరి" అన్నారట.

ఈ మంచుకాలం క్రిమి ఏ టీకాకూ తెలియని కోటు తొడుక్కుని వచ్చింది. మా లైన్ల నుంచి పద్నాలుగుమంది పిల్లలు ఆసుపత్రిలో చేరారు. పదముగ్గురు తిరిగి వచ్చారు. మూడో లైనులో రాములమ్మ మనవరాలు లాస్య రాలేదు. దానికి తొమ్మిది నెలలు. దాని తల్లి టీకా కార్డును తడవకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి బియ్యం డబ్బాలో దాచుకునేది. ఒక్క తేదీ తప్పలేదు. పిల్ల ఊపిరి వేగం పెరిగిన గంటలోనే ఆటో ఎక్కించింది.

పదిహేను రోజుల తర్వాత సమావేశం పెట్టి మా అందరినీ పిలిచారు. డైరెక్టర్ గారు తెర మీద ఒక్కో మాటా చూపిస్తూ చదివారు. టీకాలో దోషం లేదు. తల్లుల నిర్లక్ష్యం. పోషకాహార లోపం. పొగ పొయ్యిలు. అవగాహన లేమి. పదహారువందల పద్నాలుగో ప్రోటీనును వదిలేసి, శుక్రవారంతో ఈ పని ముగిస్తున్నాం.

నిర్లక్ష్యం అన్న మాట దగ్గర నా ఒళ్లు మండిపోయింది. ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఆ కార్డు కళ్ల ముందు మెదిలింది. ఇంతలో తెర మీద కథ మొదటికి వెళ్లింది. మొట్టమొదట చుక్క రగిలిన బిడ్డ కాగితం వేశారు. పేరు స్థానంలో అంకె. బిడ్డ వయసు ఏడు నెలలు. తల్లి వయసు నలభై ఆరు.

నలభై ఆరు!

ఆ ఏడు మా లైన్లలో నలభై ఆరేళ్లకు ఒళ్లో చంటిబిడ్డ ఉన్న ఆడమనిషి లేదు. ఆ వయసు మా నరసమ్మది.

నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను.

"ఏంటి సన్యాసిరావూ, టీ అయిపోయిందా?" అన్నారు డైరెక్టర్ గారు. ముందు వరస నవ్వింది.

"ఆ తల్లి వయసు చూడండి సార్. ఏడు నెలల బిడ్డ తల్లికి నలభై ఆరేళ్లేంటని ఆరేళ్లలో ఒక్కరికైనా అనుమానం రాలేదా? ఆవిడ కన్నతల్లి కాదు. ఆవిడ నా భార్య. ఆ బిడ్డ కన్నతల్లి మా పక్కింట్లో ఉంది. ఆమె రక్తం మీరు చూడనే లేదు."

హైమ గారి చేతిలో కలం కింద పడింది.

డైరెక్టర్ గారు తేరుకున్నారు. "అంటే ఆ ఆడవాళ్లు మనకు అబద్ధం చెప్పారన్నమాట. రాసుకోండి. తప్పుడు సమాచారం ఇచ్చిన తల్లులు."

"అబద్ధం కాదు సార్!" నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. "వాడి పేరు తవుడు. మీ కాగితంలో మొదటి గడిలోనే వాళ్లు నిజం రాయించారు. కన్నతల్లి పెంచుకుంటున్న, కొన్న బిడ్డ అని ఆ పేరే చెబుతుంది. గొర్రెలు కాసుకునేవాడికి కూడా తెలిసే సంగతి. మీరు పేరు కొట్టేసి అంకె వేసుకున్నారు. పాలిస్తున్న తల్లి బల్ల ముందు కూర్చుని ఉంటే తల ఎత్తి చూడనిది మీ మనిషి. చూసి కూడా నోరు మూసుకున్నది నేను. తప్పు మన ఇద్దరిదీ అయితే, నిర్లక్ష్యం అని వాళ్ల నెత్తిన రాస్తారా? పిల్లను పోగొట్టుకున్న మనిషి నెత్తిన రాస్తారా?"

"కూర్చో సన్యాసిరావూ. మూఢాచారాలకు మనం జవాబుదారీ కాదు."

అప్పుడు నా నోట ఆ మాట వచ్చింది. అనకూడదేమో, ఇప్పటికీ తెలియదు. ఆయన గది తలుపు మీద డాక్టర్ టి. నాయుడు అని ఉంటుంది. ఆ టి అంటే ఏమిటో, ఆయన సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించడానికి తీసుకువెళ్లినప్పుడు చూశాను. తవిటి నాయుడు.

"మీ అమ్మగారు మిమ్మల్ని ఎంత తవుడుకి అమ్మారు సార్?" అన్నాను మెల్లగా.

ఎవరూ నవ్వలేదు. ఆయన తెర వైపు తిరిగారు. తర్వాత కాగితాలు సర్దుకుంటూ, మా ఎవరి ముఖమూ చూడకుండా అన్నారు: "శుక్రవారం వరకు టైముంది. ఆ తల్లి రక్తం తెండి. చూద్దాం."

సమావేశం అయ్యాక హైమ గారు వంటగదికి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు.

"ఆరేళ్లు, సన్యాసిరావు గారూ! రోజూ ఈ స్టూలు మీదే కూర్చున్నాను. ఒక్క మాట అని ఉండొచ్చు కదా?"

"అది మా తవుడు కాగితమని తెలియదమ్మా. తెలిసినా చెప్పేవాణ్నో లేదో. నామోషీ."

ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. "నాదీ తప్పే. నలభై ఆరు అన్న అంకె నేనూ చూశాను. నాకు అది అంకెలాగే కనిపించింది." లేచి నిలబడ్డారు. "కాని ఆమె రక్తంలో ఆ చుక్క ఎర్రగా ఉందనుకోండి. అప్పుడు బిడ్డ తనంతట తాను నేర్చుకోలేదు. కడుపులో ఉండగా, పాలు తాగుతూ, తల్లి దగ్గర తీసుకున్నాడు. అంత చిన్న ఒంటికి ఈ ప్రోటీనును గుర్తుపట్టడం వరకే వస్తుంది, చంపడం రాదు. టీకా వేయాల్సింది బిడ్డకు కాదండీ. కడుపుతో ఉన్న తల్లికి."

"మరి అసిరమ్మకు ఎలా వచ్చిందమ్మా అది?"

"ఇద్దరు జబ్బు పిల్లల్ని రాత్రింబవళ్లు ఒళ్లో పెట్టుకుంది కదా. వాళ్ల ఊపిరే పీల్చింది. వాళ్లను చంపిన క్రిమి ఆమె ఒంట్లోకీ వెళ్లి, అక్కడ ఓడిపోయి ఉంటుంది."

పోయిన ఇద్దరూ వెనక వచ్చే తమ్ముడి కోసం తల్లి ఒంట్లో రాసిపెట్టి వెళ్లారన్నమాట.

*

"ఏటి బావా, ఆడు నా కడుపున పుట్టినాడని నన్ను సెప్పమంతన్నావా?" అంది అసిరమ్మ. చేటలో బియ్యం చెరుగుతోంది. చేట ఆగిపోయింది.

"నోటితో చెప్పక్కర్లేదమ్మా. వేలు ఇస్తే చాలు. నెత్తురే చెబుతుంది."

"నెత్తురు సెప్తే నాను సెప్పినట్టు కాదేటి? ఆ వచ్చీది నోటి మాటే ఇంటాదో, నెత్తురు మాట కూడా ఇంటాదో నీకు తెలుసేటి?"

నాకేం తెలుసు? పూజారి గారినే సరిగ్గా అడగలేకపోయినవాణ్ని.

"లాస్య లాంటి పిల్లలు ఇంకా పోతారమ్మా" అన్నాను.

చేట కింద పెట్టేసింది. "ఆ గుంటకి ఆఖరి నీల్లు పోసింది నాను. ఈ సేతుల్తోనే. పిల్లలు పోడవంటే ఏటో నువ్వు నాకు సెప్తావా బావా?"

వీధిలో తవుడు బొంగరం ఆడుతున్నాడు. వాడిప్పుడు ఏడేళ్లవాడు. వీధిలో ఆమెను సిన్నమ్మా అంటాడు, మా నరసమ్మను అమ్మా అంటాడు. జ్వరం వచ్చిన రోజు మాత్రం నిద్రలో ఎటు తిరిగి అమ్మా అంటాడో అందరికీ తెలుసు.

అసిరమ్మ గొంతు తగ్గించింది. "అసలు బేరం తెగిందేటి? నువ్వు తవుడు పోసినావా?"

ఆమె మరచిపోయిందనే అనుకున్నాను ఇన్నాళ్లూ.

"ఏడు సలికాలాలు బావా. ఆడు తుమ్మితే సాలు, బేరం తెగనేదు, తెగనేదు అని నా గుండె కొట్టుకుంతాది. నువ్వు పెద్దోళ్ల కాడ పని సేస్తన్నావు, తవుడంటే నీకు నామోషీ. అడిగితే బిడ్డనమ్ముకుందంతారని నాను అడగనేదు. ఇప్పుడొచ్చి నెత్తురడుగుతున్నావు. ఇచ్చీడానికి రానోడివి, అడగడానికి ఎలాగొచ్చినావు?"

లేచి వచ్చేశాను.

ఆ సాయంత్రం దేవుడి ముందు చాలాసేపు కూర్చున్నాను. సోలెడు తవుడుకు మోసపోయే మృత్యువు ఉంటుందా? నాకు నమ్మకం లేదు. కాని వేషం మార్చుకుని వచ్చి బిడ్డలను ఎత్తుకుపోయే క్రిమి ఉందని చదువుకున్నవాళ్లే చెబుతున్నారు కదా. వేషం వేసుకుని వచ్చేదానికి ఎదురుగా ఒక తల్లి తన బిడ్డకూ వేషం వేసింది. అందులో అజ్ఞానం ఎక్కడుంది? ఆ వేషం పూర్తి చేస్తానని మాటిచ్చి, ఏడు చలికాలాలు ఆమెను భయంలో ఉంచినవాణ్ని నేను. తల్లుల నిర్లక్ష్యం అని రాసిన కాగితం మీద నాకు అంత కోపం వచ్చింది. ఆ మాట రాయవలసింది నా పేరు ఎదురుగానేమో.

మర్నాడు ప్రయోగశాలలో గొర్రెల పాక దాటుతూ ఆగిపోయాను. నెత్తురిచ్చే గొర్రెలకు మేత పెట్టే చోట తవుడు బస్తాలు వరసగా పేర్చి ఉన్నాయి. ఏడేళ్లుగా రోజూ రెండుసార్లు వాటి పక్క నుంచే నడిచాను. కాపలా మనిషిని అడిగి ఒక పొట్లం కట్టించుకుని ఇంటికి తెచ్చాను.

నరసమ్మ పొట్లం విప్పి చూసింది. "ఏటిది?"

"తవుడు."

"ఎక్కడిది?"

"గొర్రెల పాకలోది."

పొట్లం మడిచి నా చేతిలో పెట్టేసింది. "గొర్రెల మేత పోసి కొడుకుని కొంతావా? సిగ్గునేదేటి నీకు? అట్టుకెళ్లి వాటికే ఎయ్యి. ఇది నా బాకీ. చేట ఎత్తుకున్నది నాను."

సంతకు వెళ్లి ధాన్యం తెచ్చింది. ఇడ్లీలమ్మే అప్పాయమ్మ ఇంటి వెనక వాడకుండా పడివున్న రోలు కడిగింది. రోకలి ఎవరింటి నుంచో అడిగి తెచ్చుకుంది. గురువారమంతా దంచింది. నేను పడతానంటే, "నువ్వు నీ వంట చూసుకో" అంది. ముందు ఊక పోయింది. మళ్లీ మళ్లీ దంచి జల్లిస్తే, తేనె రంగులో మెత్తటి తవుడు కొంచెం కొంచెంగా రాలింది. సాయంత్రానికి ఆమె అరచేతులు బొబ్బలెక్కాయి. సోల నిండింది.

శుక్రవారం పొద్దున్న హైమ గారు సాక్షిపలక పెట్టె పట్టుకుని మా వీధికి వచ్చారు. ఎవరూ ఇవ్వకపోతే తిరిగి వెళతాను, బలవంతం చేయను అని ముందే నాతో అన్నారు. వచ్చి అరుగు మీద ఒక పక్కగా కూర్చున్నారు.

నరసమ్మ తలస్నానం చేసి, పసుపు రాసిన సోల తీసుకుని పక్క వాకిట్లో నిలబడింది. ఆమె వెనక నేను. లోపలి నుంచి అసిరమ్మ వచ్చింది. సోల చూసింది. రెండు చేతులతో కొంగు పట్టింది, ఏడేళ్ల కింద పట్టినట్టే.

నరసమ్మ తవుడు పోసింది. చివరి గింజ నూక దాకా సోల వెనక తట్టి మరీ పోసింది.

"ఈ గుంటడు నాకమ్మినావు. నాను కొన్నాను. బాకీ నేదు" అంది.

"బాకీ నేదప్పా" అంది అసిరమ్మ.

బొంగరం తాడు మెడలో వేసుకుని తవుడు పరుగెత్తుకొచ్చాడు. "నన్నెంతకి కొన్నావమ్మా?"

"సోలెడు తవుడికి."

"అంతేనా! ఆ రమణగాడి గేదికి బస్తాడు పెడతారు!"

"గేది పాలిస్తాది. నువ్వేటిస్తావురా?" అంది అసిరమ్మ. ఆమె నవ్వడం ఆ వారంలో అదే మొదలు. తర్వాత హైమ గారి వైపు తిరిగింది. "డాక్టరమ్మా, ఈడు నరసమ్మప్ప కొడుకు. నాను పక్కింటిదాన్ని. పక్కింటిదాని నెత్తురు మీకు పనికొస్తే తీసుకోండి."

"పనికొస్తుందమ్మా" అన్నారు హైమ గారు. ఆవిడ కాగితం బయటికి తీశారు. తల్లి అన్న గడిలో నరసమ్మ పేరు అలాగే ఉంచి, దాని కింద చేత్తో ఇంకో గీత గీసి అసిరమ్మ పేరు రాశారు. ఏమని రాస్తున్నారో పైకి చదవలేదు. అసిరమ్మ అడగలేదు.

ఎడమ చేత్తో కొంగు పట్టుకుని కుడి చేతి వేలు చాపింది. బొట్టు పలక మీద పడింది. మేమంతా పలక మీదకు వంగాం. చుక్కలు ఒక్కొక్కటే తెల్లగా వెలగసాగాయి, సంధ్యవేళ మిల్లు క్వార్టర్లలో దీపాలు వెలిగినట్టు. చివరికి దిగువ వరసలో ఒక్కటి ముందు తెల్లబడి, పసుపు తిరిగి, నిప్పుకణంలా ఎర్రగా రగిలింది. హైమ గారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆవిడ ఏ అంకె అన్నారో నాకు వినబడలేదు. వినవలసిన పనీ లేదు.

అసిరమ్మ పలక వైపు చూడలేదు. వేలి మీద పెట్టిన దూదిని తీసి పళ్ల మధ్య పట్టుకుని, రెండు చేతులతో కొంగులోని తవుడు జారిపోకుండా మూట బిగించి ముడి వేసుకుంటోంది.